మన బల్ల మీది నల్ల ద్రాక్ష



వేగులవారు ఎష్కోలు లోయ నుండి ఇద్దరు కలిసి కర్రకు తగిలించి మోసుకొచ్చిన ద్రాక్ష గెల ఏ రకమో ఎవరికీ తెలియదు. మన సంస్కారపు బల్ల మీద గిన్నెల్లో పోసే రసం ఏ కాయదో మాత్రం చెప్పగలం. దాని వెనుక పెద్ద ప్రయాణమే ఉంది.

బద్వేలులో బండ్ల మీద నల్ల ద్రాక్ష రెండు రకాలుగా వస్తుంది. పొడుగ్గా, గింజ లేకుండా, ధర కాస్త ఎక్కువగా ఉండేది ఒకటి. రెండోది గుండ్రంగా, బూడిద రాసినట్టు, గింజలతో ఉంటుంది. వేళ్లతో నొక్కితే తొక్క ఒకవైపు, గుజ్జు ఒకవైపు జారిపోతాయి. పిల్లలు గింజలని వద్దంటారు గానీ దాని వాసన వీధి మలుపు దాకా వస్తుంది. ఇదే బెంగుళూరు బ్లూ. మన రాయచోటి, మదనపల్లె దాటి చింతామణి మీదుగా వెళ్తే వచ్చే చిక్కబళ్లాపురం, కోలారు ప్రాంతాలు దీని సీమ. అక్కడి రైతుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి రెండు కాపులు తీస్తారు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పేరు బెంగుళూరుదే గానీ పుట్టుక అమెరికా. అక్కడి అసలు పేరు ఇసాబెల్లా. అమెరికా అడవి ద్రాక్షకూ యూరోపు ద్రాక్షకూ కలిసి పుట్టిన తీగ ఇది. బ్రూక్లిన్‌లో ఇసాబెల్లా గిబ్స్ అనే ఆమె పెరట్లో ఉన్న ఈ తీగను విలియం ప్రిన్స్ అనే మొక్కల వ్యాపారి 1816లో తీసుకొని, ఆమె పేరే పెట్టి అందరికీ అమ్మాడు. అడవి రక్తం ఉంది గనుక తెగుళ్లను బాగా తట్టుకుంటుంది. ఆ మొండితనమే దాన్ని సముద్రాలు దాటించి మన పక్క సీమ దాకా తెచ్చింది.

యూరోపులో మాత్రం దీనికి మర్యాద దక్కలేదు. 1860లలో అమెరికా తీగల వెంట వచ్చిన ఒక వేరు పురుగు ఫ్రాన్సు తోటలను ఎండబెట్టింది. విచిత్రం ఏమిటంటే, చివరికి ఆ తోటలను బతికించింది కూడా అమెరికా అడవి ద్రాక్షల వేళ్లే. వాటి మీద తమ పాత రకాలను అంటు కట్టుకున్నారు. అంటు కట్టడం గురించి పౌలు ఒలీవ చెట్టును చూపి రాసినది మీకు గుర్తుండే ఉంటుంది. అయినా 1934లో ఫ్రాన్సు ఇసాబెల్లాతో సహా ఆరు రకాలను నిషేధించింది. దాని రసంతో చేసిన వైన్ ఆరోగ్యానికి చెడ్డదన్న ప్రచారం జరిగింది. దేశంలో వైన్ అమ్ముడుపోక పేరుకుపోయిన కాలమది, ఆ సంగతి మరువకూడదు. చౌకగా, మందు కొట్టకుండా పెరిగే పేదవాడి తీగ మీదికే కత్తి ముందు వచ్చింది.

ఈ కథ చెప్పడానికి కారణముంది. ఈ గింజల కాయ రసం ప్రభువు బల్లకు తగునా, పులియని రసం సరిపోతుందా అని మన యవ్వనస్థులు కొందరు అడుగుతున్నారు. ద్రాక్ష దొరకని రోజుల్లో మన పల్లె సంఘాలు ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన నీటితోనే బల్ల ఆచరించాయి. ఆ రాత్రి ప్రభువు ద్రాక్షతీగ ఫలమనే అన్నాడు గాని రకం పేరు చెప్పలేదు. తగునని మేము నిస్సంకోచంగా చెబుతాము.

పులియని రసానికీ చరిత్ర ఉంది. 1869లో న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు, తన మెథడిస్టు సంఘపు బల్ల కోసం, రసాన్ని సీసాల్లో పోసి వేడినీళ్లలో కాచి పులియకుండా నిలిపాడు. ఆయన వాడినది కాంకార్డ్ అనే నల్ల ద్రాక్ష. మన బెంగుళూరు బ్లూకు అది దగ్గరి చుట్టమే, అదే తొక్క, అదే ఘాటు వాసన.

శనివారం సాయంత్రం రసం తీసే అక్కలకు ఒక మాట. కాయలను తొక్కతోనే సన్నటి మంట మీద వేడి చేయండి, పొంగనివ్వవద్దు. రంగంతా తొక్కలోనే ఉంటుంది, గుజ్జు తెల్లగానే ఉంటుంది. గింజలు నలిగితే వగరు వస్తుంది గనుక మిక్సీలో వేయక, చేత్తో నలిపి పలుచని గుడ్డలో వడకట్టండి.