కడిగాక కనిపించే తెలుపు

సోల్డరింగ్ ముగిసేసరికి బోర్డు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, అదే అందరూ ఐపీఏ అనేదానిలో, ముంచిన బ్రష్షుతో రుద్దుతున్నంతసేపూ బాగానే కనిపిస్తుంది. తడి ఆరాకే అసలు సంగతి బయటపడుతుంది. ఐసీ కాళ్ల సందుల్లో, జాయింట్ల చుట్టూ సున్నపు నీళ్లు చిలకరించినట్టు తెల్లటి పొర! ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ దశాబ్దాలుగా దీనితో కుస్తీ పడుతోంది. కడిగే పద్ధతి మారినప్పుడల్లా ఇది వేషం మార్చుకుని వస్తూనే ఉంది.

కథ రోజిన్ అనే ఫ్లక్స్‌తో మొదలవుతుంది. పైన్ చెట్టుకు గాటు పెట్టి కార్చిన జిగురును కాచి, టర్పెంటైన్‌ను వేరు చేస్తే మిగిలే పసుపుపచ్చని గడ్డ అది. అందులో ఎక్కువ భాగం అబియెటిక్ ఆమ్లం, దాని వర్గపు ఆమ్లాలు. వేడి తగిలితే కరిగి రాగి మీది ఆక్సైడును తొలగిస్తుంది, చల్లారితే గట్టిపడి ఊరుకుంటుంది. రేకు పనిలో వాడే జింక్ క్లోరైడ్ సన్నని తీగలను తినేస్తుంది కాబట్టి రేడియో, టెలిఫోన్ పరికరాల్లో రోజిన్‌కే పీట వేశారు.

1956లో ఇంగ్లండ్‌లోని ఫ్రైస్ మెటల్స్ సంస్థ, కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డును నడిపించే పద్ధతిని తెచ్చింది. ఒక్క విడతలో వందల జాయింట్లు అతుక్కోవాలంటే ఒట్టి రోజిన్ చాలదు. క్లోరైడ్, బ్రోమైడ్ ఉన్న యాక్టివేటర్లను జోడించారు. చిక్కు అక్కడే వచ్చింది. మిగిలిపోయిన క్లోరైడ్ సోల్డర్‌లోని సీసంతో కలిసి లెడ్ క్లోరైడ్ అవుతుంది. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ సోకితే అది తెల్లని లెడ్ కార్బొనేట్‌గా మారుతుంది. ఆ క్రమంలో విడుదలైన ఆమ్లం మళ్లీ సీసం మీదే పడుతుంది. అందుకే కడగడం తప్పనిసరైంది.

ఆ పనికి సీఎఫ్‌సీ-113 అనే ద్రావకాన్ని మించింది లేదనుకున్నారు. 47.6 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, మంటలంటుకోదు, కాస్త ఆల్కహాల్ కలిపితే రోజిన్‌తోపాటు లవణాలనూ లాగేస్తుంది. అయితే ఈ కోవ రసాయనాలు ఓజోన్ పొరను హరిస్తాయని 1974లోనే మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. సంపన్న దేశాలు 1996 నాటికి ఈ ద్రావకానికి స్వస్తి చెప్పాల్సి వచ్చింది.

ప్రత్యామ్నాయాల వేట జోరందుకుంది. 1988లో ఏటీ అండ్ టీ, ఫ్లోరిడాకు చెందిన పెట్రోఫెర్మ్‌తో కలిసి నారింజ తొక్కల నుంచి తీసే టెర్పీన్లతో తయారైన క్లీనర్‌ను ప్రకటించింది. కెనడాకు చెందిన నార్తర్న్ టెలికాం మాత్రం అసలు కడగడమే మానేసే దారిని గట్టిగా పట్టుకుంది. అలా వ్యాపించినదే ‘నో-క్లీన్’ ఫ్లక్స్. బలహీనమైన ఆమ్లాలను రెసిన్‌లో బంధించి, ఆ మిగులును బోర్డు మీదే వదిలేయడం దీని సూత్రం.

కడగొద్దన్నదాన్ని కడగడంతో కొత్త తెలుపు పుట్టింది. చాలీచాలని ఐపీఏతో తుడిస్తే రెసిన్ పోయి, అడిపిక్, సక్సినిక్ వంటి ఆమ్లాలు తెల్లపొడిగా తేలతాయి. తుడవక ముందు కన్నా తుడిచాకే కరెంటు లీకేజీ భయం ఎక్కువ. 2006 జులై 1న ఐరోపాలో, ఎలక్ట్రానిక్స్‌లో ప్రమాదకర పదార్థాలను కట్టడి చేసే రోస్ నిబంధనలు అమల్లోకి రావడంతో సోల్డర్‌లోంచి సీసం చాలావరకు తప్పుకుంది. సోల్డర్ కరిగే వేడి 183 డిగ్రీల నుంచి సుమారు 217కు పెరిగింది. ఆ వేడికి ఫ్లక్స్ మరింతగా ముదిరి, ఆల్కహాల్‌కు లొంగడం తగ్గింది.

కాబట్టి రిపేరు బల్ల మీద ముందు తేల్చుకోవాల్సింది ఆ తెలుపు ఏమిటన్నది. హాట్ ఎయిర్ చూపిస్తే కరిగి పారదర్శకమైందా, అది రోజిన్. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో పోయిందా, లవణమో ఆమ్లమో. దేనికీ కదలకపోతే ముదిరిన రెసిన్‌నో, కరగని సీసపు లవణాలనో, ద్రావకం దెబ్బకు పాడైన సోల్డర్ మాస్క్‌నో అనుమానించాలి. మొదటి రెండింటికీ చాలాసార్లు మందు ఒక్కటే: దండిగా తాజా ద్రావకం పోసి, మురికి ఆరకముందే కడిగి దింపేయడం.

కర్మాగారాల్లో పరీక్ష వేరు. 75 పాళ్ల ఐపీఏ, 25 పాళ్ల నీటిలో బోర్డును ముంచి, అందులోకి దిగిన అయాన్లను కొలిచేవారు. చదరపు సెంటీమీటరుకు 1.56 మైక్రోగ్రాముల ఉప్పుకు సమానమైన మోతాదు దాటకూడదన్నది ఏళ్ల తరబడి నడిచిన హద్దు. అయాన్లు లేని రోజిన్ తెలుపు ఆ పరీక్షకు చిక్కేదే కాదు. 2018లో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ ఐపీసీ, సోల్డరింగ్‌కు సంబంధించిన తన జే-స్టాండర్డ్-001 సవరణలో ఆ ఒక్క అంకెతో సరిపెట్టే పద్ధతిని పక్కనపెట్టింది. తమ ఫ్లక్స్‌కు తమ క్లీనింగ్ సరిపోతుందని రుజువులు చూపే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టింది.