పేకముక్కంత కంప్యూటరు – దాని పూర్వకథ

ఒకప్పుడు రేడియో కొనుక్కొనే వస్తువు మాత్రమే కాదు, చేసుకొనే వస్తువు కూడ. ఒక చెక్కపలక, రాగితీగ చుట్ట, గాలెనా రాతిముక్క, చెవికి ఆనించుకొనే ఫోను ఉంటే చాలును. బ్యాటరీ అక్కరలేకుండానే సమీపమున ఉన్న స్టేషను పలికేది. అట్లు చేసుకొన్న పిల్లవానికి పాట ఏ దారిన వచ్చినదో వేరే చెప్పనక్కరలేదు. తీగ చుట్టినది తానే గదా!

కంప్యూటరు విషయములో ఈ భాగ్యము నేటి పిల్లలకు ఉన్నదా? ఈ ప్రశ్నను నా ముందు పెట్టినది పదవ తరగతి చదువుచున్న మా మేనకోడలు. కండలేరు సముద్రములో కలిసే చోట, పాతరేవుగా పేరుపొంది 2008 నుండి పెద్ద ఓడలకు రేవైన కృష్ణపట్నంలో మా అక్కయ్యగారి కాపురము. వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడు ఆ పిల్ల ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టినది.

"మామయ్యా! ఫోను విప్పబోతే నాన్న కోప్పడతాడు. ఇది విప్పే ఉంది. దీన్ని మొదటినుంచీ చెప్తారా?"

పెట్టెలో ఉన్నది పేకముక్కంత పచ్చని బోర్డు. పేరు రాస్ప్‌బెరీ పై. అందులో మూడవ తరమునకు చెందినది. లెక్కలు కట్టు చిప్పు, జ్ఞాపకము, టెలివిజనుకు, కీబోర్డుకు తీగలు తగిలించు సందులు అన్నియు ఆ ఒక్క పలకమీదనే ఉన్నవి. లేనిది ఒక్కటే: ఆ భాగములన్నింటిని నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్. దానిని మనమే ఎన్నుకొని ఒక మెమొరీ కార్డులో వ్రాసి పెట్టవలెను. అందరును పెట్టుకొనేది లినక్సు. నేను రిస్క్ ఓఎస్ అను అరుదైన దానిని పెట్టమన్నాను. ఎందుకనగా, దాని కథ ఒక ప్రసార సంస్థతో ముడిపడి ఉన్నది.

1980 దశాబ్ది ఆరంభమున బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను దేశములోని గృహస్థులకు కంప్యూటరును పరిచయము చేయ సంకల్పించినది. పాఠములు ప్రసారము చేసిన చాలదు, ఇంట అభ్యసించుటకు యంత్రము కూడ ఉండవలెనని తలచి, ఆ పనిని కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అను చిన్న కంపెనీకి అప్పగించినది. 1981 డిసెంబరులో బి.బి.సి. మైక్రో వెలువడినది, 1982 జనవరిలో టెలివిజను పాఠములు మొదలైనవి. అందులో 'ఎ' రకమునకు 16 కిలోబైట్లు, 'బి' రకమునకు 32 కిలోబైట్లు జ్ఞాపకము. ప్రోగ్రాములను మామూలు టేపురికార్డరు క్యాసెట్టులో శబ్దరూపమున దాచుకొనేవారు.

శబ్దమైనప్పుడు దానిని రేడియోలో ప్రసారము చేయరాదా? చేసినారు కూడ. యుగోస్లావియాలో వోయా ఆంటోనిచ్ అను ఇంజనీరు, ఔత్సాహికులు ఇంటనే అతుక్కొనగల 'గలాక్సియా' అను కంప్యూటరును 1983లో రూపొందించినాడు. బెల్‌గ్రేడు రేడియోవారు దాని ప్రోగ్రాములను కీచుమను ధ్వనులుగా ప్రసారము చేయగా, శ్రోతలు క్యాసెట్టులలో పట్టుకొని తమ యంత్రములలో నడిపించుకొన్నారు.

ఇక ఏకార్న్ కథ. మైక్రో తరువాత మరింత వేగము గల యంత్రము కావలసివచ్చి, సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను ఇరువురు కొత్త చిప్పును తామే రూపొందించినారు. చిప్పు ఇంకను పుట్టకమునుపు, అది ఎట్లు నడచునో విల్సన్ బేసిక్ భాషలో ప్రోగ్రాము వ్రాసి బి.బి.సి. మైక్రో మీదనే పరీక్షించినారు. 1985 ఏప్రిల్ 26న ఆ 'ఆర్మ్' చిప్పు తొలిసారి పనిచేసినది. నేడు మన చేతిఫోనులలో ఉన్నది ఆ వంశపు చిప్పే. దానితో 1987లో ఆర్కిమిడిస్ అను కంప్యూటరు వచ్చినది. దానికొరకు వ్రాసిన వ్యవస్థయే అనంతరము రిస్క్ ఓఎస్ అయినది. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెరీ పై వెలువడినప్పుడు దానికి గుండెకాయ ఆర్మ్ చిప్పే. దాని రకములకును 'ఎ', 'బి' అనియే పేర్లు పెట్టినారు. ఆ సంవత్సరముననే రిస్క్ ఓఎస్ ఈ బోర్డుమీదికి వచ్చి చేరినది.

మన దేశమునకు ఇందులో పాలు లేకపోలేదు. 1984-85లో భారత ప్రభుత్వము 'క్లాస్' అను పథకము క్రింద మొదట 250 పాఠశాలలలో ప్రవేశపెట్టినవి ఈ బి.బి.సి. మైక్రో యంత్రములే. కాని వాటికి తెలిసిన లిపి ఇంగ్లీషు ఒక్కటే. ఆజ్ఞలన్నియు ఆ భాషలోనివే. తెలుగు పిల్లలు దానిని తాకినను, తమ పేరును తమ లిపిలో దానిమీద చూచుకొనుటకు సిద్ధమైన మార్గము లేకపోయినది.

కృష్ణపట్నంలో మా పని మొదటిరోజు సాగలేదు. తెరమీద ఇంద్రధనుస్సు రంగుల చతురస్రము కనిపించి అంతటితో ఆగిపోయినది. పాత ఫోను ఛార్జరు తగిలించుట మా పొరపాటు. ఈ బోర్డుకు 5 వోల్టుల వద్ద రెండున్నర ఆంపియర్ల వరకు కరెంటు అందవలెను. మరునాడు నెల్లూరు నుండి తగిన ఛార్జరు వచ్చినది. కొన్ని సెకన్లలోనే తెర సిద్ధమైనది. మౌసుకు మూడు మీటలు ఉండవలెను. మధ్యమీట నొక్కనిదే మెనూ రాదు. ఎఫ్12 మీట నొక్కి 'బేసిక్' అని కొట్టగా, విల్సన్ ఆనాడు వ్రాసిన భాష నేటికిని పలికినది.

"మామయ్యా, మా ఊరి పేరు రాయనా?" అన్నది పిల్ల.

రిస్క్ ఓఎస్ తెలుగు గుణింతములను, వత్తులను తనంతట తాను కూర్చి చూపదు. కాని బి.బి.సి. మైక్రో నాటినుండి దానిలో ఒక తలుపు ఉన్నది. వీడీయూ 23 అను ఆజ్ఞతో మనమే అక్షరమును చెక్కుకొనవచ్చును. అడ్డముగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది గళ్లు. ఒక్కొక్క వరుసలో ఎడమనుండి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని గళ్లకు విలువలు. నింపిన గళ్ల విలువలు కూడితే ఆ వరుసకు ఒక సంఖ్య. ఎనిమిది వరుసలకు ఎనిమిది సంఖ్యలు. అన్నింటికన్న సులభమైనది సున్న: 0, 60, 66, 66, 66, 66, 60, 0. పిల్ల అదే మొదట చెక్కినది. తెరమీద గుండ్రని సున్న నిలిచినది.

తరువాత 'ప' చెక్కగా అది అద్దములో చూచినట్లు తిరగబడినది! తప్పు ఎక్కడ? ఆమె విలువలను కుడినుండి వేసినది. సున్న ఎటుచూచినను ఒకటే గనుక ఆ తప్పు అప్పుడు బయటపడలేదు. ఇట్టి పాఠము ఏ పుస్తకము చెప్పగలదు? సులభమైన దానితో పరీక్షించి అంతయు సరియని తలచరాదు.

అసలు చిక్కు తరువాత వచ్చినది. కృష్ణపట్నం అన్న మాటలో అక్షరములు నాలుగే. వాటిలో కృకు వట్రుసుడి, షకు క్రింద ణవత్తు, టకు క్రింద నవత్తు. ఎనిమిది వరుసలలో వత్తుకు చోటెక్కడిది? ఆ ఎనిమిది వరుసలు ఇంగ్లీషు అక్షరములను తలచి కొలిచినవి. అందుచేత ఆ మూడింటికి తలకు నాలుగేసి చదరములు, 'ప'కు రెండు, సున్నకు ఒకటి – మొత్తము పదిహేను. పదిహేను ఎనిమిదులు 120. ఆ 120 సంఖ్యలను పెన్సిలుతో గళ్ల పుస్తకములో వ్రాసి, రెండు సాయంకాలములు చెరిపి దిద్దుకొన్నది. మూడవనాటి సాయంకాలము వంటింటిలోనుండి అక్కయ్య వచ్చి టెలివిజను తెరమీద ఊరిపేరు చూచి, "మన ఊరే!" అన్నది.

నేడు ఇంత శ్రమ అవసరమా అని మీరు అడుగవచ్చును. అవసరము లేదు. 1991లో యూనికోడులో తెలుగునకు స్థానము దొరికినది. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ వంటివారు లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడినారు. ఫోనులో ఊరిపేరు క్షణములో వచ్చును. కాని ఆ క్షణము వెనుక ఎవరో కూర్చుండి వత్తునకు చోటు కల్పించినారని ఈ పిల్లకు ఇప్పుడు తెలియును. ఒక భాషకు యంత్రములో చోటు తనంతట రాదు. ఒకరు పూనుకొని చేయవలెను.

రిస్క్ ఓఎస్ భవిష్యత్తు భద్రమని చెప్పజాలను. 2018లో దాని మూలము అందరికిని స్వేచ్ఛగా లభ్యమైనది. ఔత్సాహికులే దానిని కాపాడుచున్నారు. అయినను 2023లో వచ్చిన ఐదవ తరపు బోర్డుమీద అది నేరుగా నడువదు. ఆ చిప్పు పాత 32 బిట్ల పద్ధతిని వ్యవస్థకు ఉంచలేదు. కనుక మెమొరీ కార్డుకు నకలు తీసి పెట్టమన్నాను. గళ్ల పుస్తకమును మాత్రము పిల్ల తన పాఠ్యపుస్తకముల నడుమ దాచుకొన్నది.

నేను బయలుదేరు రోజున ఆమె పక్క ఊరి పేరు, ముత్తుకూరు, మొదలుపెట్టినది. "మామయ్యా, దీనికీ కింది వరుస కావాలి" అన్నది, తల ఎత్తకుండానే.