అరకు: రైలు, కాఫీ, భూచట్టం – ఒక కొండ ఊరి ఆధునికీకరణ చరిత్ర

సంగ్రహం: అరకులోయలో వచ్చిన మార్పును ప్రకృతి సౌందర్యం క్షీణించిన కథగా చెప్పడం పరిపాటి. ఆ మార్పును భూమిపై హక్కుల చరిత్రగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రైలుమార్గం, కాఫీసాగు, భూబదలాయింపు నిషేధం అనే మూడు అంశాలు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: అరకు, ఏజెన్సీ, 1/70 చట్టం, కాఫీ, పర్యాటకం.

ఉపోద్ఘాతం

దక్షిణాదిలో కొండ విడిది అనగానే ఊటీ గుర్తుకు వస్తుంది. ఎండలు భరించలేని ఆంగ్లేయ అధికారులు ఊటీని మద్రాసు రాష్ట్రపు వేసవి రాజధానిగా తీర్చిదిద్దుకున్నారు. 1908లో అక్కడికి రైలు చేరింది. విశాఖపట్టణానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అరకు చరిత్ర అలాంటిది కాదు. మన్యం జ్వరానికి భయపడి మైదానంవారు ఆ కొండలెక్కడానికి జంకేవారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన తరువాతనే ఆ భయం క్రమంగా సడలింది. కనుక అరకును వలసపాలకులు కట్టిన విడిది అనలేము. అది స్వాతంత్ర్యానంతర ప్రణాళికల కాలంలో రూపుదిద్దుకున్న ఊరు.

ఏజెన్సీ పాలన

1839 నాటి చట్టం గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించింది. ‘ఏజెన్సీ’ అనే మాట అలా స్థిరపడింది. బగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ, గదబ మొదలైన తెగలవారు చోళ్లు, సామలు, వలిసెలు పండించుకొని, వారపు సంతల్లో చింతపండు, పసుపు, అడ్డాకులు ఇచ్చి ఉప్పు, బట్ట తెచ్చుకునేవారు. సంతకు వచ్చిన వర్తకుడు అప్పు ఇచ్చేవాడు. అప్పు తీరకపోతే భూమి చేతులు మారేది. ఆ బదలాయింపును అరికట్టడానికి 1917లోనే ఒక చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండతెగలవారి భూమి ఇతరులకు చెల్లదని అది శాసించింది. కానీ అమలు బలహీనంగా ఉండడంతో అన్యాక్రాంతం ఆగలేదు.

రైలు: ఎవరి అవసరం?

కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం 1960వ దశకంలో నిర్మితమైంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపాన్‌కు చేర్చడం దీని లక్ష్యం. అరకు ప్రయాణికులు ఆ ప్రణాళికకు కేంద్రం కారు. ఖనిజపు బండ్ల కోసం తొలిచిన సొరంగాలే నేడు యాత్రికులకు వినోదమయ్యాయి. 2017లో అద్దాల పైకప్పుగల విస్టాడోమ్ పెట్టె ఈ మార్గంలో నడవసాగింది. ఇనుమును దించడానికి వేసిన పట్టాల మీదుగానే అరకుకు పర్యాటకం వచ్చింది.

కాఫీ: పోడు నుండి పెరటి తోటకు

1960ల నుండి అటవీశాఖ రిజర్వు అడవుల్లో కాఫీ వేయించింది. అక్కడ గిరిజనులు కూలీలు. తరువాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు కలిసి గిరిజన కుటుంబాల సొంత భూముల్లో కాఫీ మొక్కలను ప్రోత్సహించాయి. పోడు మాన్పించడం ప్రభుత్వ ఉద్దేశం. సిల్వర్‌ఓక్ నీడలో కాఫీ, దాని మీదికి ఎగబాకే మిరియపు తీగ అనే పద్ధతి ఆనవాయితీ అయింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలుదారుగా నిలిచింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. కూలీ నుండి తోట యజమానిగా మారడం ఈ చరిత్రలో అసలు మలుపు. భూమి గిరిజనుల చేతిలో నిలిచినందువల్లనే అది సాధ్యపడింది.

1/70, సమత తీర్పు

1959 నిబంధనను సవరించిన 1970 నాటి ఒకటో నిబంధన వ్యవహారంలో ‘1/70 చట్టం’గా ప్రసిద్ధం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు, గిరిజన సభ్యులతో ఏర్పడిన సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ కారాదని అది నిర్దేశించింది. గిరిజనేతరుల మధ్య లావాదేవీలనూ నిషేధించింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కౌలు వివాదంలో 1997లో సుప్రీంకోర్టు వెలువరించిన సమత తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వం కూడా ఈ నిషేధంలోని ‘వ్యక్తి’యేననీ, తన భూమినైనా గిరిజనేతరులకు గని కౌలుకు ఇవ్వరాదనీ ఆ తీర్పు సారాంశం.

అయితే పర్యాటకం ఈ రక్షణను వేరే దారిలో పరీక్షిస్తున్నది. పట్టా గిరిజనుని పేర, పెట్టుబడి మరొకరిది అయ్యే బినామీ వ్యవహారం ఏజెన్సీ అధ్యయనాల్లో పాత సమస్యే. వసతిగృహాలు పెరిగినకొద్దీ దాని రూపం మారుతున్నది. పైగా రాజ్యాంగం 243జడ్‌సి అధికరణం ప్రకారం పురపాలక భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు తనంతట తాను వర్తించదు. అందువల్ల పట్టణపు భారం మోస్తున్న ఊరికి చెత్త, నీరు, కట్టడాల నియంత్రణ పంచాయతీ వనరులతోనే జరగాలి. వలిసెపూల పొలాల్లో ఫొటోల కోసం దిగే యాత్రికుల నుండి కొందరు రైతులు రుసుము తీసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నిజానికి అది పంటభూమిపై యజమాని తన హక్కును చాటుకునే తీరు.

ముగింపు

‘పాత అరకు పోయింది’ అన్న వేదనలో యాత్రికుని జ్ఞాపకమే ఎక్కువగా వినిపిస్తుంది. మలేరియా, వర్తకుని అప్పు, భూమి పోగొట్టుకోవడం కూడా ఆ పాత అరకులోనివే. రైలు బయటివారి అవసరం కోసం వచ్చింది. కాఫీ ప్రభుత్వ ప్రణాళికగా మొదలైంది. వాటి ఫలంలో స్థానికుల వాటాను నిర్ణయించినది భూచట్టమే. నిషేధాన్ని సడలిస్తే అభివృద్ధి వేగం పెరుగుతుందన్న వాదం తరచూ వినవస్తున్న వేళ, ఈ చరిత్రను గుర్తుంచుకోవడం అవసరం. అరకు ఆధునికతను అంచనా కట్టదలచిన పరిశోధకుడు వసతిగృహాల సంఖ్యతో పాటు భూరికార్డులనూ తెరవాలి. లోయ ఎంత మారిందో వాటిలోని పేర్లే చెబుతాయి.