పోలవరం వార్తల్లో ఈ ఇంగ్లిష్ మాటలకు అర్థం తెలుసా? ‘కాంటూర్’, ‘కటాఫ్’ తప్పక తెలుసుకోండి

జంగారెడ్డిగూడెం: ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పోలవరం పేరు వినపడని రోజు ఉండదు. స్పిల్‌వే, కాఫర్ డ్యామ్, డయాఫ్రమ్ వాల్, ఆర్ అండ్ ఆర్.. టీవీ పెట్టినా, ఫోన్ తెరిచినా ఇవే మాటలు. చెవికి అలవాటైపోయాయి కానీ అర్థం అడిగితే చాలామంది ఆగిపోతారు. పోటీ పరీక్షలకు చదివేవారికి ఇవి మార్కులు తెచ్చే పదాలు. ముంపు గ్రామాల వారికైతే ఇల్లు, పొలం, పరిహారం వీటి చుట్టూనే తిరుగుతున్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

కట్టడం మాటలు

స్పిల్‌వే: స్పిల్ అంటే పొర్లిపోవడం, వే అంటే దారి. ఊరి చెరువుకు అలుగు ఎలాగో డ్యామ్‌కి స్పిల్‌వే అలాగ. పోలవరం స్పిల్‌వేకు 48 గేట్లు ఉన్నాయి. 50 లక్షల క్యూసెక్కుల వరద వదిలేలా దీన్ని డిజైన్ చేశారు. గిన్నెలో పాలు ఒలికినా ఇంగ్లిష్‌లో స్పిల్ అనే అంటారు.

రేడియల్ గేటు: రేడియస్ అంటే లెక్కల్లో చదివిన వ్యాసార్థమే. ఈ గేటు తిన్నగా ఉండదు. వృత్తంలో ముక్కలా వంపు తిరిగి ఉంటుంది.

కాఫర్ డ్యామ్: దీన్ని కొందరు కాపర్ డ్యామ్ అంటుంటారు. రాగితో దీనికి సంబంధం లేదు. కాఫర్ అంటే పెట్టె. నదిలో పని జరిగే చోటికి నీరు రాకుండా ముందుగా వేసే కట్ట ఇది. పోలవరంలో ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉన్నాయి. ఆ రెండింటి మధ్య వచ్చే అసలు డ్యామ్ పేరు ఎర్త్ కమ్ రాక్‌ఫిల్ డ్యామ్. ఇక్కడ కమ్ అంటే ‘రా’ అని కాదు, ‘దాంతో పాటు’ అని. సోఫా కమ్ బెడ్‌లో ఉన్న కమ్ ఇదే. మట్టి, రాయి రెండూ కలిపి వేసే కట్ట అన్నమాట.

డయాఫ్రమ్ వాల్: సైన్స్ పాఠంలో ఛాతీకి, పొట్టకి మధ్య అడ్డుగా ఉండే కండరాన్ని డయాఫ్రమ్ అంటారు. ఇదీ అడ్డే. నది అడుగున ఇసుక గుండా నీరు ఊరిపోకుండా భూమి లోపల కట్టే గోడ. మొదట కట్టింది వరదల్లో దెబ్బతినడంతో 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టారు.

నీటి మాటలు

క్యూసెక్, టీఎంసీ: ఈ రెండూ ఒకటి కాదు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్ల నీరు పారితే ఒక క్యూసెక్. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. ఒకటి పారే నీటి లెక్క, ఇంకోటి నిల్వ లెక్క. సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

డిశ్చార్జ్: ఆసుపత్రి నుంచి పంపినా, ఫోన్ బ్యాటరీ అయిపోయినా, గేట్లెత్తి నీరు వదిలినా ఇదే మాట. అన్నింట్లోనూ ‘లోపలున్నది బయటికి పోవడం’ అనే అర్థం ఉంది. కొంగువారిగూడెం ఎర్రకాలువ జలాశయం వార్తల్లో వినిపించే ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో కూడా అంతే. వచ్చేది ఇన్, పోయేది అవుట్.

బ్యాక్‌వాటర్: కింద అడ్డు పడితే నీరు వెనక్కి ఎక్కుతుంది. గోదారి జనం దీన్నే ఎగపోటు అంటారు.

జీవితాన్ని మార్చే మాటలు

సబ్‌మర్జెన్స్: ముంపు. సబ్ అంటే కింద. సబ్‌మెరైన్, సబ్‌వేలోనూ అదే సబ్.

కాంటూర్: మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. పోలవరం మొదటి దశను 41.15 మీటర్లకు, పూర్తి నీటిమట్టాన్ని 45.72 మీటర్లకు లెక్కేశారు. ఊరు ఏ కాంటూర్ లోపల పడిందనే దాన్ని బట్టే ఏ దశలో ఖాళీ చేయించాలో తేలుస్తారు. 4.57 మీటర్ల తేడా ఊళ్ల తలరాతను మార్చేస్తోంది.

ఆర్ అండ్ ఆర్: రీహాబిలిటేషన్, రీసెటిల్‌మెంట్. రీ అంటే మళ్లీ. తెలుగులో రెండింటినీ కలిపి పునరావాసం అనేస్తాం. అయితే రీసెటిల్‌మెంట్ అంటే వేరే చోట ఇల్లు, కాలనీ ఇచ్చి స్థిరపరచడం. రీహాబిలిటేషన్ అంటే బతుకుదెరువు మళ్లీ నిలబెట్టడం. జంగారెడ్డిగూడెం మండలం తాడువాయిలో నిర్వాసితుల కాలనీ ఉంది. ఇల్లు ఇస్తే ఒక ఆర్ అయినట్టు. పని, భూమి, ఆదాయం సంగతి రెండో ఆర్.

కాంపెన్సేషన్: పోయిన భూమికి, ఇంటికి ఇచ్చే పరిహారం. కుటుంబానికి ఇచ్చే ఆర్ అండ్ ఆర్ ప్యాకేజీ దీనికి వేరే. ఒకటి అందితే రెండోది కూడా అందినట్టు కాదు.

కటాఫ్ డేట్: అర్హత లెక్కించే గడువు తేదీ. 2013 భూసేకరణ చట్టం ప్రకారం వయోజనులను విడి కుటుంబంగా చూడాలి. అందుకే ఏ తేదీ నాటికి 18 ఏళ్లు నిండాయన్నది ముంపు గ్రామాల యువతకు అంత పెద్ద విషయమైంది.

ఎలా నేర్చుకోవాలి?

ఒకే వార్తను ముందు తెలుగులో చూసి, తర్వాత ఇంగ్లిష్‌లో వినాలి. విషయం ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు. రోజుకు మూడు మాటలు చాలు. మాటను ముక్కలుగా విడదీసి, పక్కన మన వాడుక మాట రాసుకోవాలి. ఆ మాటతో సొంతంగా ఒక వాక్యం చెప్పి చూడాలి.

ముంపు గ్రామాల వారు ఇంకో పని కూడా చేయాలి. చేతికి వచ్చిన నోటీసులో కాంటూర్, కటాఫ్, ఎలిజిబుల్ అనే మాటలు ఉంటే కింద గీత గీసి పెట్టుకోవాలి. ఎలిజిబుల్ అంటే అర్హులు. ముందు ‘ఇన్’ చేరితే అనర్హులు. ఈ రెండక్షరాలు చూసుకున్నాకే సంతకం చేయడం మంచిది.