రంగంలో దిగిన విమానం

కొన్నేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా లండన్ వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. తోటివాళ్ళు షాపింగుకి బయలుదేరితే నేను సైన్స్ మ్యూజియంకి వెళ్ళాను. ఆవిరి యంత్రాలన్నీ చూసి కాళ్ళు నొప్పులు పుట్టాక పై అంతస్తులో విమానాల గ్యాలరీకి చేరాను. అక్కడ ఒక చిన్న ఆకుపచ్చ విమానం వేలాడుతోంది. పక్కమీద వెండిరంగు అక్షరాలతో ‘జేసన్’ అని రాసి ఉంది. రెండు జతల రెక్కలు, పైకప్పు లేని కాక్‌పిట్, ముందు చెక్క ప్రొపెల్లరు. ఇదే విమానంలో 1930లో ఎమీ జాన్సన్ అనే ఇరవయ్యారేళ్ళ అమ్మాయి ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా వెళ్ళిందని కింద పలక చెప్పింది. ఆ పేరు చిన్నప్పుడు మన బడి క్విజ్ పోటీలో విన్నదే. ‘సాహస వనిత’ అని ఒక్క ముక్కలో జవాబు చెప్పి మార్కు కొట్టేశాం, అంతే.

నన్ను అక్కడ నిలబెట్టింది సాహసం కాదు. ఆమె విమానం నడిపే లైసెన్సుతో పాటు గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా తీసుకుందన్న సంగతి. అప్పటి నుంచి దొరికినప్పుడల్లా ఆమె గురించి చదువుతూనే ఉన్నాను. స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, నా ఉద్యోగపు గొప్పలు రాసేకంటే ఇది నయం అనిపించింది.

ఎమీ 1903 జూలై 1న ఇంగ్లండు తూర్పు తీరంలోని హల్ అనే రేవు పట్టణంలో పుట్టింది. తండ్రిది చేపల వ్యాపారం. నలుగురు ఆడపిల్లల్లో పెద్దది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో బీయే చదివి, లండన్‌లో ఒక లాయర్ల ఆఫీసులో సెక్రటరీగా చేరింది. కొన్నేళ్ళపాటు మనసిచ్చిన మనిషి 1928లో వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆ బాధలోంచే విమానాలవైపు వచ్చిందని రాసేవాళ్ళున్నారు. అయి ఉండవచ్చు. కానీ బాధలో ఉన్నవాళ్ళందరూ తెల్లవారుజామునే హ్యాంగరుకి వెళ్ళి స్పానర్లు పట్టుకోరు గదా!

లండన్ శివార్లలో స్టాగ్ లేన్ అనే మైదానంలో ఒక ఏరోప్లేన్ క్లబ్బు ఉండేది. అక్కడే 1928 సెప్టెంబరులో పాఠాలు మొదలుపెట్టింది. నేర్పే ఆయనకి మొదట్లో ఈ అమ్మాయి మీద ఏమాత్రం నమ్మకం లేదు. ఒంటరిగా ఎగరడానికి ఆమెకి దాదాపు పదహారు గంటల శిక్షణ పట్టింది, అంటే సగటు విద్యార్థి కన్నా ఎక్కువే. పుట్టుకతో వచ్చిన ప్రతిభ కాదన్నమాట. ఈ సంగతి తెలిసినప్పుడు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. క్లబ్బు చీఫ్ ఇంజనీరు జాక్ హంఫ్రీస్ ఆమెని మెకానిక్కుల మధ్యకి రానిచ్చాడు. పొద్దున ఆఫీసుకి ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత, నూనె మరకల దుస్తుల్లో ఇంజన్లు విప్పడం, వాల్వులు నూరడం, ప్లగ్గులు శుభ్రం చేయడం. అక్కడ అందరూ ఆమెని ‘జానీ’ అని పిలిచేవారు. 1929 డిసెంబరులో గ్రౌండ్ ఇంజనీరు ‘సి’ లైసెన్సు వచ్చింది. ఆ లైసెన్సు పొందిన మొదటి బ్రిటిష్ మహిళ ఆమే.

ఆస్ట్రేలియా ప్రయాణానికి డబ్బెవరూ ఇవ్వలేదు. చివరికి ఆరువందల పౌన్ల సెకండ్‌హ్యాండ్ జిప్సీ మాత్ విమానాన్ని తండ్రీ, నూనె కంపెనీ యజమాని లార్డ్ వేక్‌ఫీల్డూ కలిసి కొనిచ్చారు. తండ్రి చేపల వ్యాపారపు ట్రేడ్‌మార్కు ‘జేసన్’. కూతురు విమానానికి ఆ పేరే పెట్టింది. నాలుగు సిలిండర్ల, నూరు గుర్రాల ఇంజన్. ఈ రోజు మన వీధిలో తిరిగే మామూలు కార్ల శక్తి అంతే. వేగం గంటకి ఎనభై అయిదు మైళ్ళు. రేడియో లేదు. అదనపు ట్యాంకుల్లోని పెట్రోలును ఎగురుతూనే చేతిపంపుతో పై ట్యాంకులోకి కొట్టుకోవాలి, ఆ వాసనకి కడుపులో తిప్పేది. ఒక విడి ప్రొపెల్లరును విమానం పక్కకి కట్టేసుకుంది. అంతవరకూ ఆమె చేసిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి సొంతూరు హల్‌కి. ఇప్పుడు చేయవలసింది పదకొండు వేల మైళ్ళు.

1930 మే 5 ఉదయం క్రాయ్‌డన్ నుంచి బయలుదేరింది. బెర్ట్ హింక్లర్ అనే ఆస్ట్రేలియన్ 1928లో ఇదే దూరాన్ని పదిహేను రోజుల పైచిలుకులో దాటాడు. ఆ రికార్డు కొట్టాలని ఆమె పట్టుదల. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, అలెప్పో. అక్కడ నుంచి బాగ్దాదు దారిలో ఇసుక తుఫాను కిందికి తోసేసింది. ఎడారిలో దిగి, సామాన్లు తీసి చక్రాలకి అడ్డం పెట్టి, ఇంజన్లోకి ఇసుక పోకుండా గుడ్డ కట్టి, రివాల్వరు పట్టుకుని గాలి తగ్గేదాకా కూర్చుంది. బాగ్దాదులో దిగేటప్పుడు చక్రాల దన్ను విరిగింది, బాగు చేయించుకుంది. ఏ ఊళ్ళో దిగినా ముందు ఇంజన్ పని, తర్వాతే భోజనం, నిద్ర. మే 10న కరాచీ చేరేసరికి హింక్లర్ కన్నా రెండు రోజులు ముందుంది. అప్పటిదాకా పట్టించుకోని పత్రికలన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడ్డాయి.

కరాచీ నుంచి అలహాబాదు చేరాలి. ఎదురుగాలికి పెట్రోలు చాలక ఝాన్సీ కంటోన్మెంటులో, సైనికుల పెరేడ్ మైదానంలో దిగింది. విమానం ఒక స్తంభాన్ని కొట్టుకుని రెక్క చిరిగి, భవనాల మధ్య ఆగింది. రాత్రికి రాత్రి అక్కడి వడ్రంగి రెక్కని సరిచేశాడు. అతని పేరు నాకెక్కడా దొరకలేదు. మర్నాడు అలహాబాదు మీదుగా కలకత్తా, అక్కడ నుంచి మే 13న రంగూన్.

రంగూన్ అంటే మన పెద్దల నోట ‘రంగం’. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి మనవాళ్ళు కూలికి వెళ్ళిన ఊరు. మన తాతల తరంలో ‘రంగం పోయాడు’ అంటే అందరికీ అర్థమయ్యేది. ఆ రోజు అక్కడ కుంభవృష్టి. దిగవలసిన గుర్రప్పందేల మైదానం ఆమెకి కనబడలేదు. ఊరికి ఉత్తరాన ఇన్సీన్ అనేచోట ఒక ఆటస్థలం కనబడితే అందులో దిగింది. విమానం జారుకుంటూ వెళ్ళి అంచున ఉన్న కాలువలో ముక్కు గుచ్చింది. ప్రొపెల్లరు ముక్కలైంది, రెక్క విరిగింది, చక్రాల దన్ను దెబ్బతింది. హింక్లర్ కన్నా ముందున్న రెండు రోజులూ అక్కడే పోయాయి.

అయితే కాలువ పక్కనే ఉన్నది ప్రభుత్వ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్! అదృష్టమంటే ఇదే. అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి పనిలోకి దిగారు. విడి ప్రొపెల్లరు ఉండనే ఉంది. విరిగిన చెక్కని వర్క్‌షాపులో మళ్ళీ తయారు చేశారు. చిక్కల్లా రెక్క మీది బట్ట దగ్గర వచ్చింది.

చదివేవాళ్ళలో ఇంజనీర్లు కానివాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక మాట చెప్పాలి. అప్పటి విమానం రెక్క అంటే సన్నటి చెక్క పక్కటెముకల మీద బిగించిన నారబట్ట. బట్టని ఎముకలకి దగ్గర దగ్గరగా సూదీ దారంతో కుడతారు. ఆ మీద ‘డోపు’ అనే ద్రావణం పూతలు పూతలుగా వేస్తారు. ఆరేకొద్దీ బట్ట ముడుచుకుని మృదంగం తోలులా బిగుసుకుంటుంది, గాలి చొరకుండా అవుతుంది. కుట్టు వదులైతే గాలి వేగానికి బట్ట లేచిపోతుంది. ఆ తర్వాత చెప్పేదేమీ ఉండదు. ఇంగ్లండు కర్మాగారాల్లో ఆ కుట్టుపని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు.

ఇన్సీన్లో ఆ బట్ట ఎక్కడ నుంచి తేవడం? మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిపోయిన విమానాల బట్ట కొంత ఆ ఊరికి చేరి, దానితో చొక్కాలు కుట్టించుకున్న సంగతి ఎవరికో గుర్తొచ్చింది. ఆ చొక్కాలు వెతికి తెచ్చి, కత్తిరించి రెక్కకి వేశారు. డోపు రంగూన్లోని ఒక మందుల వ్యాపారి అక్కడ దొరికిన సరుకుతోనే కలిపి ఇచ్చాడు. మూడో రోజుకి, మే 16న, చొక్కాల రెక్కతో జేసన్ బాంగ్‌కాక్ వైపు లేచింది.

ఇది చదువుతుంటే నాకు మన క్రాఫ్టు పీరియడు గుర్తొచ్చింది. బెల్లు కొట్టగానే మగపిల్లలం వడ్రంగం షెడ్డుకి, ఆడపిల్లలు కుట్లు అల్లికల గదికి. ఒక్కసారైనా ఎవరైనా మారి కూర్చున్నామా? ఆ రెక్కకి రెండు గదుల పనీ కావలసి వచ్చింది. ఇంకో సంగతి. మేం తొమ్మిదిలో ఉండగా బడి బోరింగు చెడిపోయింది. నలుగురు పెద్దవాళ్ళు నిలబడి పైపు మార్చాలని తేలుస్తుంటే, మా క్లాసమ్మాయి ఒకామె ‘తోలు వాషరు పోయినట్టుందండీ’ అంది. వాళ్ళ నాన్న ఇంజన్ల మెకానిక్కు. ‘నువ్వెళ్ళి క్లాసులో కూర్చో’ అన్నారు. మేం మగపిల్లలం నవ్వాం. నేనూ నవ్వాను. రెండు రోజుల తర్వాత పట్నం నుంచి వచ్చిన మనిషి మార్చింది వాషరే. పది పాసయ్యాక ఆమెకి పెళ్ళయిపోయింది, నేను ఇంజనీరింగుకి వెళ్ళాను. లెక్కల్లో ఆమెకి నాకంటే మార్కులెక్కువ. పేరు రాయను, మా బ్యాచి వాళ్ళకి తెలుసు.

రంగం సంగతి ఇంకొంచెం ఉంది. ఎమీ క్రాయ్‌డన్లో బయలుదేరిన మే 5నే, అర్ధరాత్రి దాటాక, దండి దగ్గర కరాడిలో గాంధీజీని అరెస్టు చేశారు. ఆ సాయంత్రమే బర్మాలో పెద్ద భూకంపం వచ్చి పెగూ పట్టణం కూలిపోయింది, రంగూన్లోనూ మనుషులు చనిపోయారు. అదే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టాయి. సమ్మె పరిష్కారమై మే 26న మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి గొడవ రేగింది. రోజుల తరబడి ఊళ్ళో జరిగిన మారణకాండలో వందమందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది మనవైపు వాళ్ళే. చొక్కాలతో రెక్క కుడుతున్న ఆ మూడు రోజులూ అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని రేవులో ఉద్రిక్తత పెరుగుతూనే ఉంది. ఎమీ కథ చెప్పేవాళ్ళు ఈ కూలీల మాట ఎత్తరు. మన చరిత్ర చెప్పేవాళ్ళకి ఎమీతో పని లేదు. నాకు మాత్రం ఆ రెండూ ఇప్పుడు విడివిడిగా గుర్తుకురావు.

మిగతా దారి కూడా సుఖంగా సాగలేదు. జావాలో ఒక చెరకు తోట దగ్గర దిగితే పాతిన వెదురు కర్రలు రెక్కల్లోంచి దూసుకొచ్చాయి. ఆ చిల్లులకి పుండ్లకి వేసే అంటుపట్టీలు అంటించుకుని ఎగిరింది! తిమోర్ నుంచి అయిదు వందల మైళ్ళ సముద్రం దాటి మే 24న డార్విన్‌లో దిగింది. మొత్తం పందొమ్మిదిన్నర రోజులు. హింక్లర్ రికార్డు అలాగే ఉండిపోయింది. అయినా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళ ఆమే.

తర్వాతంతా జనసందోహం. డైలీ మెయిల్ పత్రిక పదివేల పౌన్లిచ్చింది, రాజు బిరుదిచ్చాడు, ఆమె మీద పాటలు కట్టారు. అలిసిపోయి ఉన్న మనిషిని ఊరూరా తిప్పారు. బ్రిస్బేన్‌లో వేలమంది చూస్తుండగా విమానం బోల్తా కొట్టింది. ‘ఒంటరి పిల్ల’ అని రాశారే గానీ, ఇంజనీరు అని రాసిన పత్రికలు తక్కువ. తర్వాత మాస్కోకి ఒక్కరోజులో, అక్కడ నుంచి టోక్యోకి, రెండుసార్లు కేప్‌టౌన్‌కి రికార్డులు. జిమ్ మాలిసన్ అనే పైలట్‌తో పెళ్ళి, 1938లో విడాకులు. 1935 నుంచి రెండేళ్ళు ఇంగ్లండులో మహిళా ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షురాలిగా ఉంది. రికార్డులన్నిటికన్నా ఆ పదవి ఆమెకి ఎక్కువ నప్పిందని నా అభిప్రాయం.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక, ఫ్యాక్టరీల నుంచి విమానాలను సైనిక స్థావరాలకి చేరవేసే సంస్థలో 1940లో చేరింది. అప్పుడక్కడ ఆడ పైలట్లకి మగవాళ్ళ కన్నా ఇరవై శాతం తక్కువ జీతం. సమాన జీతం 1943లో వచ్చింది, అప్పటికి ఎమీ లేదు.

1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కి ఒక ఎయిర్‌స్పీడ్ ఆక్స్‌ఫర్డ్ విమానాన్ని తీసుకుని బయలుదేరింది. మామూలుగా గంట ప్రయాణం. మంచు, మేఘాలు. ఆ విమానంలో రేడియో లేదు. మూడున్నర గంటల తర్వాత, చేరవలసిన చోటికి నూరు మైళ్ళకు పైగా దూరంలో, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట పారాచూట్‌తో దిగింది. హేజిల్‌మియర్ అనే నౌక ఆమెకోసం దగ్గరికి వచ్చింది. దాని కమాండర్ వాల్టర్ ఫ్లెచర్ గడ్డకట్టే నీళ్ళలోకి దూకి, ఆ చలికే చనిపోయాడు. ఆమె సంచీ దొరికింది గానీ శవం దొరకలేదు. వయసు ముప్పై ఏడు. నిర్వహణకి ఏ లోటూ రానివ్వని ఇంజనీరు, దారి చెప్పే ఒక చిన్న పరికరం లేక పోయింది. ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడని సంగతి ఇది.

ఆ ఆదివారం మ్యూజియం మూసేవేళ దాకా జేసన్ కిందే ఉన్నాను. ఇన్సీన్ చొక్కాల అతుకు కనబడుతుందేమోనని మెడ నొప్పి పుట్టేలా రెక్కల కిందివైపు వెతికాను. పచ్చటి రంగు తప్ప ఏమీ కనబడలేదు. కాపలాదారు వచ్చి టైమైందన్నాడు.

ఉత్సవానికి మా బ్యాచి వాళ్ళందరికీ కబురు పెట్టామని మిత్రులు చెప్పారు. వాషరు అమ్మాయి కూడా వస్తానందట. ఇప్పుడు అమ్మమ్మట. నలభై ఏళ్ళ కిందటి ఆ నవ్వు సంగతి నేనే ఎత్తాలి.