పిల్లి కడుపులోని ఉండ

ఇంటి పిల్లి మెడ చాచి, పొట్ట లోనికి పీల్చి, దగ్గినట్లు దగ్గి, తడిసిన వెండ్రుకల ఉండనొకదానిని కక్కుట మీలో పలువురు చూచియేయుందురు. దానిని చీపురుతో నూడ్చి పారవైతుము. కాని జంతువుల కడుపున పుట్టిన యిట్టి గడ్డలనే యొకప్పుడు ప్రభువులు బంగారు బరిణెలలో దాచుకొనిరి.

మేక కడుపులో వెండ్రుకయో, గింజయో, పుల్లయో చిక్కుకొనగా, దానిచుట్టును పొరలు పొరలుగా లవణములు పేరుకొని రాయి యగును. పారసీకులు దానిని పాద్‌జహర్ అనిరి; విషమునకు విరుగుడని యర్థము. ఆ మాటయే ఐరోపాలో బెజోర్ అయ్యెను. 1563లో గోవాలో అచ్చయిన గ్రంథమున గార్సియా ద ఓర్తా యను పోర్చుగీసు వైద్యుడు దీనిని గూర్చి వ్రాసెను. 1676లో వెలువడిన యాత్రాగ్రంథమున తవెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు ఈ రాళ్లు గోలకొండ రాజ్యపు ఈశాన్యభాగమునుండి వచ్చునని చెప్పెను. అచ్చటి పల్లెవారు మేక పొట్టను చేతులతో తడవి, లోన నెన్ని రాళ్లున్నవో లెక్క చెప్పెడివారట! మన గొల్లల చేతివాటము నెరిగిన నాకు ఈ మాట అతిశయోక్తిగా తోచదు.

ఫ్రాన్సున తొమ్మిదవ చార్లెసు కాలమున (1560–1574) ఒక వంటవాడు వెండి పళ్లెములు రెండు దొంగిలించి ఉరిశిక్షకు పాత్రుడయ్యెను. రాజునొద్ద నొక బెజోరు రాయి కలదు. అది సకల విషములను హరించునా యని రాజు అడుగగా, శస్త్రవైద్యుడు అంబ్రాజ్ పారే, హరింపదనెను. విషము త్రాగి, పిదప రాతిమందు పుచ్చుకొని బ్రతికినచో విడిచిపెట్టుదుమని వంటవానికి చెప్పిరి. వాడు సంతోషముతో నొప్పుకొనెను. కొన్ని గంటలు నేలపై పొర్లి, ఏడ్చి, చచ్చెను. రాయిని నిప్పులో వేయుడని రాజాజ్ఞ యయ్యెను. పారే మాట నిజమే. కాని యది తేల్చుటకు రెండు పళ్లెములకై యొక ప్రాణము పోవలెనా?

ఇక పిల్లి మాట. దాని నాలుకపై వెనుకకు వంగిన ముండ్లు కలవు. అవి దువ్వెనవలె ఊడిన వెండ్రుకలను పట్టి గొంతులోనికి త్రోయును. వెండ్రుక అరగదు, చాలవరకు మలముతో పోవును, మిగిలినది ఉండ యగును. దినమునకొక మారు దువ్వినచో, ముఖ్యముగా బొచ్చుపిల్లిని, ఆ వెండ్రుక దువ్వెనకే చిక్కును. నీరు చాలినంత త్రాగనీయవలెను. గొంతు పట్టి ఆముదము పోయరాదు. ఊపిరితిత్తులలోనికి దిగినచో ప్రాణాపాయము. పదేపదే ఓకరించియు ఏమియు కక్కక, మేత మాని, మలబద్ధమై పడియున్న పిల్లిని నాడే పశువైద్యశాలకు కొనిపోవలెను. ప్రేగున అడ్డుపడిన ఉండను కొన్ని వేళల కోసి తీయవలసివచ్చును.