కొట్టు తెరచు వయస్సు

ధర్మాబాదులో మాఘ ఫాల్గుణములు వచ్చినంతనే ఎండుమిరపకాయల ఘాటు వీధులలో కమ్ముకొనును. మన తెలుగు కుటుంబములలో ఒక పాత ప్రశ్నయు అప్పుడే తలయెత్తును: చదువు ముగించిన కుర్రవాడు సొంత కొట్టు ఎన్నడు తెరువవలెను? మేము మెట్రిక్కుతో చదువు చాలించి, అడితి దుకాణమున చిట్టా ఆవర్జాలు వ్రాసి విశ్రాంతి పొందినవారము. మా యెరుకలోని సంగతులే ఇచట వ్రాయుచున్నాము.

నిజాము రాజ్యమున నిజామాబాదు, బాసర, ధర్మాబాదు ఒకే ప్రభుత్వము క్రింద నుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున వచ్చిన హైదరాబాదు–మన్మాడు రైలుమార్గము వీనిని మరింత దగ్గర చేసెను. 1948 పిదప కాలము మారినది. 1950లో ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు మారకము. 1959 వరకు హాలీ నాణెము చెల్లుబడి కలిగియుండెను. 1956 నవంబరు 1న ముధోలు, భైంసా సర్కిళ్లు ఆంధ్రప్రదేశమునకు పోగా, ధర్మాబాదు బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రమున నున్నది. రెండు నాణెముల లెక్క, రెండు రాష్ట్రముల పన్ను, మూడు భాషల బేరము! ఇన్ని తెలియనిదే కుర్రవానిని గద్దెపై కూర్చుండబెట్టుటకు మన పెద్దలు జంకి, మొదట పరుల కొట్టులో గుమాస్తాగా నుంచెడివారు.

బొంబాయిలో అమృతాంజనము నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రయు ఇట్టిదే. 1867లో జన్మించిన వారు మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొందియు, పరుల కంపెనీలో కొలువు చేసిన పిమ్మటనే 1893లో సొంత వర్తకమునకు దిగిరి. అప్పటికి వారికి ఇరువదియారేండ్లు. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయి నుండియే వెలువరించిరి.

మేము అంతకన్న రెండేండ్లు ముందుగనే, 1982లో, మా ఇరువదినాలుగవ యేట తొందరపడితిమి. తల్లిగారి కమ్మలు తాకట్టుపెట్టి, ఒక మిత్రునితో కూడి, కాయ కొని నిలువచేసితిమి. అప్పటికి రెండేండ్లు చిట్టా వ్రాసియుంటిమి గాని, బస్తా విప్పి నడిమి కాయ నొక్కిచూచు పని హమాలీలదని తలచితిమి. పై కాయ గలగలలాడుచుండెను, నడుమ తేమ. వానకాలము నాటికి బూజు పట్టెను. కమ్మలు విడిపించుటకు నాలుగేండ్లు పట్టినది. అమ్మ ఒక్క మాటయు అనలేదు, అనియున్న బాగుండెడిది.

అడితిలో మరియొక చిక్కు కలదు. రైతునకు వెంటనే సొమ్ము చెల్లింపవలెను. కొన్న వర్తకుడు వాయిదాలపై తీర్చును. ఆ నడిమి దినములను దాటించు సొమ్ము లేనివాడు ఎంత చురుకైనవాడైనను మునుగును.

చట్టము మాత్రము ఈ ప్రశ్నకు గడువు పెట్టినది. 1932 నాటి భాగస్వామ్య చట్టము 30వ సెక్షను ప్రకారము మైనరును లాభములకు మాత్రమే చేర్చుకొనవచ్చును. అతడు మేజరైన దినము, తన్ను చేర్చుకొన్న సంగతి తెలిసిన దినము, ఈ రెంటిలో తరువాతిదాని నుండి ఆరు మాసములలో భాగస్వామి యగునో కాడో బహిరంగముగా ప్రకటింపవలెను. ఊరకున్నచో భాగస్వామియే; తన్ను చేర్చుకొన్న నాటినుండి పుట్టిన అప్పులకెల్ల తానును బాధ్యుడు.

మా అన్నగారి మనుమనికి గత శ్రావణమున పదునెనిమిది నిండెను. తండ్రి గతించిన పిదప అతనిని ఒక కొట్టు లాభములలో చేర్చియుండిరి. "తాతా, నాన్న కూర్చున్న చోటు, వదలమందువా?" అని కన్నీరు పెట్టెను. ఆవర్జాలు తెప్పించి రెండు రాత్రులు చూచితిమి. రావలసిన బాకీలలో చాలభాగము మూడేండ్లు దాటినవి, అనగా దావాకును పనికిరానివి. చెల్లింపవలసినవి మాత్రము పచ్చిగానున్నవి. వానికి పంక్తి పంక్తియు చదివి వినిపించితిమి. వాని తల్లి మాపై కొంతకాలము కోపగించెను.

మాఘము రాకమునుపే వాడు కాదని ప్రకటించి, వేరొకరి అడితిలో చేరెను. నిన్న సాయంకాలము దగ్గుచు వచ్చి, బస్తా నడుమనుండి తీసిన కాయ నొకదానిని మా అరచేత పెట్టి, "తేమయున్నదా, తాతా?" అని యడిగెను. ఉన్నది.